గుండ్లు తేలి బెండ్లు మునిగినప్పుడు

ప్రశ్న: చిత్తూరు దగ్గర ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో సైన్సు చెబుతున్నాను. బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి అని ఆరో తరగతికి చెప్పాను. తిరుచానూరు తెప్పోత్సవం చూసొచ్చిన పిల్లవాడు లేచి, "అంత పెద్ద తెప్ప తేలింది గదా టీచర్, ఇంత మేకు ఎట్లా మునిగింది?" అన్నాడు. ఆకారం వల్ల అని చెప్పి, చపాతీలు చుట్టే అల్యూమినియం రేకుతో పడవ చేసి చూపించాను. తేలింది. అదే రేకును ఉండ చేసి వేస్తే మునగాలి గదా, అదీ తేలింది! ఉప్పునీళ్ళలో గుడ్డు తేలుతుందని చదివి గ్లాసెడు నీళ్ళలో నాలుగు చెంచాల ఉప్పు కలిపితే గుడ్డు అడుగునే కూర్చుంది. బకెట్లో మామిడికాయలు వేస్తే ఒకే చెట్టు కాయల్లో మూడు తేలాయి, మిగతావి మునిగాయి. పిల్లల ముందు నాకే అయోమయంగా ఉంది. మా బడిలో ల్యాబు లేదు. ఇంట్లో దొరికే వాటితో గట్టిగా చూపించే దారి చెప్పండి.
ఒక ఉపాధ్యాయిని, చిత్తూరు జిల్లా

జవాబు:

టీచర్ గారూ,

మీ ప్రయోగాలు ఒక్కటీ చెడిపోలేదు. నీళ్ళు ప్రతిసారీ సరైన జవాబే చెప్పాయి. మనం వేసిన ప్రశ్నలోనే ఒక మాట తగ్గింది. 'బరువైనవి మునుగుతాయి' అన్నప్పుడు దేనికన్నా బరువు అన్నది చెప్పాలి. మేకు 5 గ్రాములు, టేకు దూలం 50 కిలోలు. మునిగేది మేకే. అందుకని ఉత్త బరువుతో పని లేదు. వస్తువు ఎంత చోటు తీసుకుంటుందో, అంతే చోటులో పట్టే నీళ్ళ బరువుతో దాన్ని పోల్చాలి. ఆ నీళ్ళకన్నా బరువైతే మునుగుతుంది, తేలికైతే తేలుతుంది. సరిసమానమైతే ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది.

దీనికి మన దగ్గరే మంచి జత ఉంది. ఒక లీటరు పరిమాణం ఉన్న ఎండు టేకు ముక్క సుమారు 650 గ్రాములు తూగుతుంది. లీటరు నీళ్ళు కిలో, కాబట్టి టేకు తేలుతుంది. అంతే పరిమాణంలో శేషాచలం కొండల ఎర్రచందనం చేవ తీసుకుంటే కిలో పైమాటే. అది కొయ్యే అయినా రాయిలా అడుక్కి పోతుంది. కాబట్టి 'కొయ్యలన్నీ తేలుతాయి' అని కూడా బోర్డు మీద రాయకండి.

నీళ్ళలో పెట్టిన వస్తువు ఎన్ని నీళ్ళను పక్కకు నెడుతుందో, ఆ నీళ్ళ బరువంత బలం దాన్ని పైకి నెడుతుంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఆర్కిమిడీస్ చెప్పింది ఇదే. పాఠంలో దీన్ని ఉత్ప్లవన బలం అంటాం. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది. వస్తువు అడుగు భాగం పైభాగంకన్నా లోతులో ఉంటుంది కనుక కిందినుంచి వచ్చే నెట్టుడే ఎక్కువ. ఉత్ప్లవన బలం అంటే ఆ తేడాయే. స్నానాల తొట్టి కథ చెప్పకపోయినా నష్టం లేదు. పిల్లలకు కథ గుర్తుండి సూత్రం జారిపోతుంది.

ఇక చూపించే పద్ధతి. కొనాల్సింది ఒక్కటే, వంటింట్లో వాడే డిజిటల్ తూకం మిషన్. 5 కిలోల దాకా తూచేది, గ్రాము వరకు చూపించేది చాలు, కొన్ని వందల్లో వస్తుంది. నీళ్ళు పొర్లించి పట్టుకునే పాత పద్ధతి కన్నా ఇది మేలు. పొర్లు గొట్టం మూతి దగ్గర నీళ్ళు ఉబ్బి ఆగిపోయి ప్రతిసారీ కొన్ని మిల్లీలీటర్లు తక్కువ వస్తాయి, ఆ లెక్కలతో పిల్లల నమ్మకం పోతుంది.

రెండు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో ముప్పావు వంతు నీళ్ళు పోసి మిషన్ మీద పెట్టండి. టేర్ బటన్ నొక్కి సున్నా చేయండి. గుప్పెడంత గ్రానైట్ ముక్కకు దారం కట్టండి. మన జిల్లాలో గ్రానైట్ ముక్కలకు కరువు లేదు. దారం చేత్తో పట్టుకుని రాయిని పూర్తిగా ముంచండి, కానీ అడుక్కీ గోడలకూ తగలనివ్వొద్దు. అప్పుడు మిషన్ చూపించే అంకె ఆ రాయి పక్కకు నెట్టిన నీళ్ళ బరువు. గ్రాముల్లో ఎంతో, రాయి పరిమాణం మిల్లీలీటర్లలో అంతే. 270 గ్రాముల గ్రానైట్ ముక్కకు దాదాపు 100 వస్తుంది. నీళ్ళు రాయిని 100 గ్రాముల మేర పైకి మోస్తున్నాయి, ఆ మోత నీళ్ళ మీద పడి మిషన్‌కు తెలుస్తోంది. మిగతా 170 గ్రాములు దారం మోస్తోంది. దారం వదిలేస్తే రాయి అడుగున కూర్చుని మిషన్ 270 చూపిస్తుంది. రాయి బరువుకూ నీళ్ళ నెట్టుడుకూ జరిగిన పోటీలో నీళ్ళు 170 తేడాతో ఓడాయి, అందుకే రాయి మునిగింది. పిల్లల చేత ఈ రెండు అంకెలూ చదివించండి.

చెడేది ఎక్కడంటే, రాయి అడుక్కి ఏమాత్రం తగిలినా అంకె ఎగిరిపోతుంది. పొడి రాయి దింపితే ఒంటికి గాలి బుడగలు అంటుకుంటాయి, ముందే తడిపి దింపండి. ఇటుక ముక్క వద్దు, అది నీళ్ళు పీల్చుకుంటూ బుడగలు వదులుతూ అంకెను నిలవనివ్వదు. ఇటుకే కావాలంటే రాత్రంతా నానబెట్టినదాన్ని వాడండి. మేకు లాంటి చిన్న వస్తువు పెట్టకండి. 8 గ్రాముల మేకు నెట్టేది ఒక్క గ్రాము నీళ్ళు, మిషన్ పసిగట్టగలిగే కనీస బరువు కూడా ఒక్క గ్రామే. పాతసామాన్ల దుకాణంలో 200, 300 గ్రాముల బోల్టు దొరుకుతుంది, దాన్ని వాడండి. చవక మిషన్లు ఒకటి రెండు నిమిషాలు కదలిక లేకపోతే ఆరిపోతాయి. పైగా చుక్కచుక్కగా బరువు పెరిగితే కొన్ని దాన్ని లెక్కలోకే తీసుకోవు. కనుక వస్తువును దించడం, చదవడం చకచకా జరగాలి.

తేలే వస్తువుకూ ఇదే డబ్బా పనికొస్తుంది. వంకాయ తీసుకోండి. వదిలేస్తే తేలుతుంది, అప్పుడు అంకె వంకాయ మొత్తం బరువుకు సమానంగా ఉంటుంది. అంటే తేలేది ఏదైనా సరిగ్గా తన బరువుకు సరిపడా నీళ్ళనే నెడుతుంది, చుక్క ఎక్కువ కాదు, తక్కువ కాదు. తర్వాత సైకిల్ పుల్ల కొసతో దాన్ని పూర్తిగా ముంచి పట్టుకోండి. అంకె బాగా పెరుగుతుంది. ఆ పెరిగిన భాగం మీరు కిందికి నొక్కుతున్న బలం. వేలుతో నొక్కితే వేలు కూడా నీళ్ళను నెడుతుంది, లెక్క తప్పుతుంది. అందుకే పుల్ల.

ఇప్పుడు ఆ పిల్లవాడి తెప్ప సంగతి. 'ఆకారం వల్ల' అన్న జవాబు అబద్ధం కాదు, కానీ సగమే. ఆకారం తేల్చదు. ఎన్ని నీళ్ళను నెట్టగలదో ఆకారం నిర్ణయిస్తుంది, తేల్చేవి ఆ నీళ్ళు. దీన్ని ఒక స్టీలు గిన్నెతో చూపిస్తే ఇంకేమీ అక్కర్లేదు. 100 గ్రాములు తూగే గిన్నె, అంచు దాకా 300 మిల్లీలీటర్లు పట్టేది తీసుకున్నారనుకుందాం. మొదట నీళ్ళు పోసిన వెడల్పు మూతి టబ్బును మిషన్ మీద పెట్టి సున్నా చేసి, గిన్నెను అందులో ఉంచండి. గిన్నె తేలుతుంటే అంకె 100. తర్వాత గిన్నెకు దారం కట్టి ఏటవాలుగా ముంచి, లోపలి గాలంతా పోయి నీళ్ళు నిండాక వేలాడదీసి చూడండి. అంకె 12, 13 దగ్గర ఆగుతుంది. అదే గిన్నె, అదే స్టీలు. మొదటిసారి నీళ్ళకు అడ్డుపడింది స్టీలూ దానితోపాటు గిన్నె లోపలి ఖాళీ. రెండోసారి ఉత్త స్టీలే. స్టీలు నీళ్ళకన్నా దాదాపు 8 రెట్లు బరువు, అందుకే 100 గ్రాములకు 13 మిల్లీలీటర్లే వచ్చింది. తెప్పకూ మేకుకూ తేడా ఇంతే.

ఎంత బరువు మోయగలదో ముందే లెక్కకట్టి చూపిస్తే పిల్లలు కదలరు. గిన్నె పట్టే 300, స్టీలు పరిమాణం 13 కలిపితే 313. అందులో గిన్నె బరువు 100 పోతే 213. అంటే లెక్క ప్రకారం 213 గ్రాములు ఎత్తేదాకా అంచు నీళ్ళపైనే ఉండాలి. వాస్తవంలో 150, 180 దగ్గరే మునిగిపోతుంది. తప్పు లెక్కది కాదు, గిన్నె ఒక పక్కకు ఒరిగి ఆ అంచునుంచి నీళ్ళు తాగడం వల్ల. బరువును మధ్యలో, వీలైనంత అడుగున, చదునుగా పెట్టాలి. చిన్న గుడ్డసంచిలో ఇసుక పోసి పెడితే బాగా కుదురుతుంది. బరువుగా నీళ్ళు మాత్రం పోయకండి. గిన్నె కొంచెం ఒరగగానే లోపలి నీళ్ళన్నీ ఆ వైపుకే పరుగెత్తి దాన్ని ఇంకా ఒరిగిస్తాయి. కారే పడవలు మునిగేటప్పుడు జరిగేది కూడా ఇదే, నీళ్ళు నిండేదాకా ఆగవు, ముందే బోల్తా పడతాయి.

తెప్పలు వెడల్పుగా కట్టడానికి కారణాలు ఈ రెండే: ఎక్కువ నీళ్ళను నెట్టడం, ఒక పక్కకు ఒరగకుండా ఉండడం. ఉదాహరణకు 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న చదరపు తెప్పను ఊహించండి. (ఏ కోనేటి తెప్ప కొలతలూ కావు ఇవి, లెక్క కోసం తీసుకున్నవి.) అది ఒక్క సెంటీమీటరు కిందికి దిగితే 90 లీటర్ల నీళ్ళను నెడుతుంది, అంటే 90 కిలోలు మోస్తుంది. మనిషికి 60 కిలోల చొప్పున 20 మంది ఎక్కితే 1,200 కిలోలు. తెప్ప దిగేది 13 సెంటీమీటర్ల పైచిలుకు, జానెడు కూడా కాదు! ఆ పిల్లవాడి చేతే ఈ లెక్క చేయించండి. అడుగున డ్రమ్ములు కట్టే తెప్ప అయితే 200 లీటర్ల ఇనుప డ్రమ్ము ఖాళీగా 20 కిలోల దాకా ఉంటుంది, మూత గట్టిగా బిగిస్తే ఒక్కోటి 180 కిలోలకు తగ్గకుండా ఎత్తుతుంది. ఆ మూత కారి లోపలికి నీళ్ళు చేరితే, చేరేకొద్దీ ఆ డ్రమ్ము మోసేది తగ్గిపోతుంది.

అల్యూమినియం ఉండ ఎందుకు తేలింది? అల్యూమినియం నీళ్ళకన్నా 2.7 రెట్లు బరువు, మునగాల్సిందే. మీరు అడుగు చదరం రేకు తీసుకుని ఉంటే అందులో లోహం ఇంచుమించు ఒక మిల్లీలీటరే, బరువు రెండున్నర, మూడు గ్రాములు. దాన్ని చేత్తో ఎంత నలిపినా రెండు సెంటీమీటర్ల ఉండ అవుతుంది. ఆ ఉండ పరిమాణం 4 మిల్లీలీటర్లు. ఒకటి లోహం, మూడు ముడతల్లో చిక్కిన గాలి. 3 గ్రాముల వస్తువు 4 గ్రాముల నీళ్ళను నెట్టగలిగితే తేలక ఏం చేస్తుంది? మీకు తెలియకుండా మీరు మూసేసిన పడవను తయారుచేశారు. దాన్ని ముంచాలంటే ఉండ చుట్టకండి. చదునుగా మడిచి, ప్రతి మడతనూ గోరుతో నొక్కి గాలి వదిలించి, చివరికి రోటి బండ మీద పెట్టి సుత్తితో కొట్టి పలక చేయండి. ఆ పలకను నీళ్ళ కింద పట్టుకుని ఒకసారి నొక్కి వదలండి. బుడగ రాకపోతే సిద్ధం. పడవ, ఉండ, పలక మూడూ ఒకే కొలత రేకుతో చేసి వరసగా వేస్తే ఆ మునగని ఉండే మీ పాఠంలో అన్నిటికన్నా బాగా పండే భాగం అవుతుంది.

చిక్కిన గాలి పండ్లలోనూ ఇదే పని చేస్తుంది. కమలాపండు తొక్కతో వేస్తే తేలుతుంది, తొక్క తీసి వేస్తే మునుగుతుంది. బరువు తగ్గించాక మునిగింది చూశారా! తొక్క లోపలి తెల్లటి బెండులో గాలి ఉంటుంది, అదే దాని తెప్ప. తొక్కతో ఉన్న చెనక్కాయ తేలడం కూడా లోపలి గాలి వల్లే. మామిడి సంగతి కొంచెం వేరు. లేతకాయలో గుజ్జు వదులుగా ఉంటుంది, కాయ ముదిరేకొద్దీ పిండిపదార్థం చేరి గట్టిపడి నీళ్ళ బరువును దాటుతుంది. కోతకు వచ్చిన కాయ సాధారణంగా నీళ్ళకన్నా ఒకటి రెండు శాతం బరువు. అందుకే ముదురు కాయ మునిగి, లేతది తేలుతుంది. మామిడి కోతకు వచ్చిందా లేదా అని చూసే పరీక్షల్లో ఇదొకటి. తేడా ఒకటి రెండు శాతమే కాబట్టి నూటికి నూరు పాళ్ళు నమ్మలేం. టెంక దగ్గర ఖాళీ ఉన్న ముదురు కాయ కూడా తేలవచ్చు. తోతాపురి, నీలం, బేనీషా ఒకే నియమానికి కట్టుబడతాయనీ అనుకోవద్దు. మీ బకెట్లో తేలిన మూడింటినీ, మునిగిన వాటినీ విడివిడిగా కోసి చూపించండి. తెల్లగా ఉన్నదా, పసుపు తిరిగిందా పిల్లలే చెబుతారు.

గుడ్డు దగ్గర మీరు ఉప్పు తక్కువ వేశారు, అంతే. తాజా కోడిగుడ్డు నీళ్ళకన్నా దాదాపు 8, 9 శాతం బరువు. నాలుగు టీ చెంచాలంటే 24 గ్రాముల ఉప్పు. గుడ్డు హాయిగా మునిగేంత గ్లాసంటే అరలీటరుకు దగ్గరగా ఉంటుంది, అందులో అంత ఉప్పు కలిపినా నీళ్ళు 3 శాతమే బరువెక్కుతాయి. సముద్రపు నీళ్ళు కూడా అంత లేవు, లీటరుకు 1,025 గ్రాములు. కాబట్టి తాజా గుడ్డు సముద్రంలోనూ మునుగుతుంది. అరలీటరు నీళ్ళకు 70 నుంచి 80 గ్రాముల ఉప్పు కావాలి. చెంచాలతో కాకుండా మిషన్ మీద తూచి, 50 గ్రాముల దగ్గర మొదలుపెట్టి పదేసి గ్రాములు కలుపుతూ ప్రతిసారీ గుడ్డును దింపి చూడండి. కల్లుప్పు వాడితే అడుగున గింజలుగా మిగిలిపోతుంది, మీరు వేశాననుకున్న ఉప్పు నీళ్ళలో ఉండదు. గోరువెచ్చని నీళ్ళలో పూర్తిగా కరిగించి, చల్లారాక గుడ్డు వేయండి. ఇంట్లో చాలా రోజులుగా ఉన్న గుడ్డు తేవద్దు. పెంకు రంధ్రాల్లోంచి లోపలి తేమ పోయి, ఆ చోట గాలి చేరి గుడ్డు తేలికవుతుంది. కొన్నాళ్ళకు నీళ్ళలో నిలువుగా నిలబడుతుంది, మరీ పాతదైతే మంచినీళ్ళలోనే తేలుతుంది. అలా తేలితే మీ ఉప్పు పాఠం పాడవుతుంది.

ఉప్పునీళ్ళు సగం గ్లాసు పోసి, వాటిమీద గరిటె వెనకవైపునుంచి మంచినీళ్ళు మెల్లగా జార్చితే రెండూ వెంటనే కలవవు. అప్పుడు గుడ్డును మెల్లగా వదిలితే మంచినీళ్ళలో మునిగి, ఉప్పునీళ్ళ మీద తేలి, గ్లాసు మధ్యలో వేలాడుతుంది. కలియబెట్టకుండా ఉంటే గంటలకొద్దీ అలాగే ఉంటుంది. రైతుల పిల్లలుంటే ఇంకో మాట చెప్పండి. వరి విత్తనాలు ఏరడానికి రైతులు చేసేది ఇదే. గుడ్డు పైకి వచ్చి పావలా బిళ్ళంత కనిపించేదాకా నీళ్ళలో ఉప్పు కలుపుతారు, తర్వాత గుడ్డు తీసేసి గింజలు పోస్తారు. తాలు గింజలు తేలుతాయి, గట్టివి మునుగుతాయి. మునిగినవాటిని రెండు మూడుసార్లు మంచినీళ్ళలో కడగకపోతే ఉప్పు వల్ల మొలక దెబ్బతింటుంది. గుడ్డు ఇక్కడ కొలమానం, అంతకుమించి ఏమీ కాదు.

కొలమానం అన్నాక పాలకేంద్రంలో వేసే ల్యాక్టోమీటరు కూడా అదే జాతి. దాన్ని తయారు చేయించడం మంచి పనే, కాకపోతే ఏం ఆశించాలో ముందే తెలియాలి. పాత బాల్‌పెన్ గొట్టం తీసుకోండి. పక్కన చిన్న గాలిరంధ్రం ఉంటుంది చాలావాటికి, దాన్నీ కింది మూతినీ కొవ్వొత్తి మైనంతో మూయాలి. లోపల చిన్న మేకులు వేసి మొత్తం బరువు 5 గ్రాములు ఉండేట్టు చూడండి. గొట్టం 8 మిల్లీమీటర్ల మందం ఉంటే మంచినీళ్ళలో 10 సెంటీమీటర్ల దాకా మునిగి నిటారుగా నిలుస్తుంది. నీటిమట్టం దగ్గర గీత పెట్టండి. మేకులు మూతికి దగ్గరగా, అడుగున లేకపోతే అడ్డంగా పడిపోతుంది. లీటరుకు 45 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళలో వేస్తే ఆ గీత 3 మిల్లీమీటర్లు పైకి వస్తుంది. ఆవుపాల సాంద్రత, అంటే అంతే పరిమాణం నీళ్ళతో పోల్చిన బరువు, ఇంచుమించు ఆ ఉప్పునీళ్ళంతే, 1.028 నుంచి 1.030 దాకా ఉంటుంది, కాబట్టి పాలలోనూ అంతే తేడా వస్తుంది. కానీ పదోవంతు నీళ్ళు కలిపిన పాలకూ చిక్కటి పాలకూ సాంద్రత 1.030 నుంచి 1.027కు మాత్రమే పడుతుంది. మీ పెన్నుగొట్టం మీద అది మిల్లీమీటరులో మూడోవంతు కూడా కాదు, కంటికి ఆనదు. అందుకే అసలు ల్యాక్టోమీటరుకు కింద లావుపాటి బుడ్డీ, పైన సన్నని కాడ ఉంటాయి. బుడ్డీ నీళ్ళను నెట్టే పని చూసుకుంటుంది, కాడ సన్నగా ఉండడంవల్ల చిన్న తేడాకే ఎక్కువ దూరం లేస్తుంది. వెన్న పాలకన్నా తేలిక కాబట్టి మీగడ తీసేసిన పాలలో అంకె పెరుగుతుంది. మీగడ తీసి, నీళ్ళు కలిపితే అంకె మళ్ళీ మామూలుకు వస్తుంది. ల్యాక్టోమీటరు ఒక్కదాన్ని నమ్మి పాలు కొనేవాళ్ళకు ఇది తెలిస్తే మంచిది. పాలకేంద్రాల్లో వెన్నశాతం కూడా చూసేది ఇందుకే.

తరగతిలో వచ్చే అడ్డుప్రశ్నలు కొన్ని. గుండుసూదిని మెల్లగా పెడితే నీళ్ళమీద నిలుస్తుంది. అది తేలడం కాదు, నీటి పైపొర బిగువు మీద పడుకోవడం. ఒక్క సబ్బుచుక్క వేస్తే మునిగిపోతుంది. పడవకు సబ్బుతో ఏ బాధా లేదు. మంచుముక్క నీళ్ళకన్నా 8 శాతం తేలిక, అందుకే పన్నెండు వంతుల్లో ఒకటి మాత్రమే పైన కనిపిస్తుంది. దాన్ని చెనక్కాయ నూనెలో వేసి చూపించాలని మాత్రం చూడకండి. రెండింటి సాంద్రతా దాదాపు ఒకటే, ఒకసారి మునిగి ఒకసారి తేలి మిమ్మల్ని మళ్ళీ ఇరుకున పెడుతుంది. రామేశ్వరం నుంచి తెచ్చామనే తేలే రాయిని ఎవరైనా పిల్లలు పట్టుకొస్తే కసరకండి. నురగరాయిలో నిండా గాలిగదులుంటాయి. భక్తి దారి భక్తిది, దాన్ని సైకిల్ పుల్లతో ముంచి అంకె చదివించండి.

'లోతు నీళ్ళలోనే పడవ తేలుతుంది' అన్న భ్రమ పెద్దవాళ్ళలో కూడా ఉంటుంది. 7 సెంటీమీటర్ల మందం ఉన్న 150 గ్రాముల గ్లాసును, దానికన్నా అర సెంటీమీటరు వెడల్పైన గ్లాసులో పెట్టి, మధ్యలో 50 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే చాలు, లోపలి గ్లాసు లేచి తేలుతుంది. 50 గ్రాముల నీళ్ళు 150 గ్రాములను ఎట్లా మోశాయని అడుగుతారు. నీటిమట్టానికి కింద గ్లాసు ఆక్రమించిన చోటు లెక్కలోకి వస్తుంది. ఆ చోటులో ముందు నీళ్ళు నిజంగా ఉండి పక్కకు పోయాయా లేదా అన్నదాంతో పని లేదు. గ్లాసులు ఒకదానికొకటి రాసుకోకుండా చూసుకోండి, రాపిడికి ఇరుక్కుపోతే తేలినట్టు కనిపించి మోసం చేస్తుంది.

ఈ పాఠం విన్న పిల్లలు తమ ఒంటితోనే పరీక్ష చేయబోతారు, అది ముందే ఆపాలి. నిండా ఊపిరి పీల్చిన మనిషి నీళ్ళకన్నా రెండు మూడు శాతమే తేలిక, ఊపిరి వదిలేస్తే చాలామంది మునుగుతారు. తల ఒక్కటే ఒంటి బరువులో 7, 8 శాతం. అంటే నిటారుగా ఉంటే తల మొత్తం బయట ఉండే అవకాశమే లేదు, నడినెత్తి మాత్రమే కనిపిస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఆ రెండు శాతంలోనే ముక్కూ నోరూ బయట ఉంటాయి. బావిలో ఈత నేర్పేటప్పుడు వీపుకు ఎండు సొరకాయ బుర్రో, ఖాళీ నూనె డబ్బానో కట్టడం ఆ తక్కువ పడే అయిదు శాతం కోసమే. 5 లీటర్ల డబ్బా ఒకటి నాలుగున్నర కిలోలకు పైగా ఎత్తుతుంది. కానీ మూత ఊడినా, తాడు జారినా ఎత్తడానికి ఏమీ మిగలదు. గ్రానైట్ తవ్వి వదిలేసిన క్వారీ గుంతల్లో అంచు నిలువుగా దిగుతుంది, కాలు ఆన్చే మెట్టు ఉండదు. మన జిల్లా పిల్లలకు ఈ మాట పాఠంలో భాగంగానే చెప్పండి, ప్రయోగాలన్నీ బకెట్టులోనే చేయించండి.